ఆలస్యానికి కారణం

ఎమ్మెల్యే గారికి,

గత నెల అమీర్‌పేట కమ్యూనిటీ హాల్లో మీరు వీధి వ్యాపారుల కొత్త చట్టం గురించి మాట్లాడుతుంటే మధ్యలో లేచి అడ్డుపడిన ముసలివాణ్ణి నేనే. గడువులోగా పేరు నమోదు చేసుకున్నవాళ్ళ బండ్లను ఎవరూ కదిలించరని మీరన్నారు. అదంతా మోసమని, సంతకం పెడితే బండిని మనమే అప్పగించినట్టని నేనన్నాను. "అసలు చట్టం చదివారా?" అని మిమ్మల్ని నిలదీశాను కూడా. జనం చప్పట్లు కొట్టారు.

చదవనిది నేను. జీవితమంతా పుస్తకాలతో గడిపినవాణ్ణి, ఆ పన్నెండు పేజీలు తిరగేయలేదు. మా గ్రంథాలయం గదిని మీరు పార్టీ ఆఫీసు చేసుకున్న రోజే మీ నోట నిజం రాదని తీర్మానించుకున్నాను. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. కానీ మొన్న చట్టం చదివితే, మీరు చెప్పిందే అందులో ఉంది.

మా వీధి మలుపులో ఇడ్లీ బండి నడిపే చిలకమ్మ నా మాట నమ్మి పేరు ఇవ్వలేదు. శనివారంతో గడువు అయిపోయింది. వచ్చే సోమవారంలోగా బండి తీసేయమన్నారట.

నిన్న ఆమె దరఖాస్తు నేనే నింపాను. ఆలస్యానికి కారణం రాయవలసిన చోట నా చెయ్యి ఆగింది. అది చూసి ఆమె, "జరమొచ్చిందని రాయుండ్రి సారు. మీ పేరెందుకు, నలుగురిల ఇజ్జత్ పోతది" అంది.

నేను జరిగిందే రాసి, కింద నా పేరు పెట్టాను. ఆ కాగితం దీనికి జతచేశాను. నన్ను ఏమైనా అనవలసి ఉంటే నలుగురిలోనే అనండి. ఆమె బండిని మాత్రం అక్కడే ఉండనివ్వండి.

ఇట్లు,
మీకు ఎన్నడూ ఓటు వేయనివాడు