చుక్కాని పుట్టుక

మంగళవారం, అశోక్‌నగర్ హాస్టల్

ఆ శిరీషను తలుచుకుంటే ఇంకా ఒళ్లు మండుతోంది. గ్రూప్స్‌కు కొత్తగా చదువుతున్న పిల్ల. చిక్కడపల్లి లైబ్రరీలో ఏడేళ్లుగా నేను కూర్చునే బల్ల దగ్గరే చోటు పట్టింది. ఇవాళ పక్కనామెకు పాఠం చెబుతోంది: పడవను మళ్లించే చుక్కానికి ఆ పేరు చుక్క నుంచే వచ్చిందట, పూర్వం నావికులు చుక్కల్ని చూసి దారి తిప్పుకునేవాళ్లట!

ఊరుకోలేకపోయాను. పాత నిఘంటువు తెచ్చి ఆమె ముందు పడేశాను. అరబ్బు ఓడలవాళ్ల 'సుక్కాన్' మన రేవుల్లో దిగి చుక్కాని అయింది. చుక్కకూ దానికీ ఏ చుట్టరికమూ లేదు.

"గట్లెట్ల అన్నా? మా నోట్స్‌ల ఇట్లనే ఉంది. అందరం గిదే చదువుతున్నం."

"ఏ తలకాయ లేనోడు రాసిండు?" అని అరిచాను. అందరూ తలలెత్తి చూశారు.

ఆమె జిరాక్స్ కట్ట నా ముందుకు తోసింది. "టాపర్ నోట్స్ అన్నా. నారాయణగూడల కొన్న."

అక్షరాలు వెలిసిపోయినా చేతిరాత పోల్చుకున్నాను. నాదే. ఆరేళ్ల కిందట డబ్బుకు నోట్స్ రాసిస్తున్నప్పుడు జిరాక్స్ షాపువాడు ఇంకో పేజీ కావాలంటే, నిఘంటువు తెరవకుండా అరగంటలో అల్లిన కథ. టాపర్ అన్న పేరు వాడు తగిలించిందే.

"గింత మంచిగ రాసినాయన ఇప్పుడు ఏ పోస్టుల ఉన్నడో," అంది శిరీష.

"నాకేమెరుక?" అని మళ్లీ ఆమె మీదే విసుక్కున్నాను.