నువ్వు నింపిన పన్ను

రజియక్కా,

నువ్వు పోయి ఏడాది నిండిన ఈ రోజే, నువ్వు నాకు పని నేర్పిన శంషాబాద్ క్లినిక్‌కి సాతంరాయి ఊరి నుంచి యాదమ్మ వచ్చింది. పుచ్చు తీసి కడిగాక, పాత అలవాటుకొద్దీ పన్ను ఆరబెట్టడానికి గాలి గొట్టం అందుకున్నాను. "జర ఆగు! మొత్తం ఎండితే మందు పంటిని పట్టదు" అని కసరడానికి నువ్వు లేవు. నేనే ఆగాను. దూదితో అద్ది, తడి మెరుస్తుండగానే అతికించే మందు రాసి ఫిల్లింగ్ పెట్టాను.

పక్క పంటిలో ఎప్పుడో నువ్వు పెట్టిన ఫిల్లింగ్ ఉంది. దాని అంచు వెంట సందులు వెతికే సూది నడిపాను, ఎక్కడా చిక్కలేదు.

"గది గూడ తీసి కొత్తది పెడ్తవా, డాక్టరమ్మా?" అంది యాదమ్మ.

"వద్దమ్మా, మంచిగుంది."

అయినా ఆమెను లేవనివ్వలేదు. అవసరం లేకున్నా, ఆ అంచు వెంట సూదిని ఇంకోసారి మెల్లగా నడిపాను.