మూలన కూర్చున్నవాళ్ళు

ఫిబ్రవరి 9

మబ్బు. గాలి లేదు. పని: మేడ మీద నీళ్ళ ట్యాంకు కడిగాను.

అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఇన్ని నెలల కీమో బాగానే పనిచేసిందని డాక్టరమ్మ చెప్పింది. ఎముకల మజ్జలో క్యాన్సర్ చాలావరకు అణిగిందట. ఇప్పుడు స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకుంటే ఎక్కువ కాలం నిశ్చింతగా ఉండొచ్చు. వద్దనుకుంటే మందులతో నెట్టుకు రావచ్చు, కానీ జబ్బు తొందరగా తిరగబెట్టవచ్చు. ఏదైనా అమ్మ ఇష్టమే అంది.

అమ్మ నా వైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఇంక చాల్లే, మందులతోనే కానిద్దాం అంది అమ్మ. కన్నపిల్లల ఒంట్లోంచి తీసి తన ఒంట్లో పోసుకోదట. నాకు ఒక జవాబు తట్టింది. అప్పటికి మా స్టాపు వచ్చేసింది.

ఫిబ్రవరి 11

ఎండ. పని: బేకరీ వాళ్ళ కూలర్‌కి గ్యాస్ నింపాను.

అక్క వచ్చింది. బ్యాగు కింద పెట్టకముందే తన కణాలు తీసుకోమని మొదలుపెట్టింది. సూది చూస్తే కళ్ళు తిరిగే మనిషివి, నువ్విచ్చేదేమిటే అని అమ్మ కొట్టిపారేసింది. అక్క నా మీద పడింది. రెండు రోజులుగా ఏం వెలగబెడుతున్నావురా మౌనస్వామీ అంది.

ఆస్పత్రిలో ఇచ్చిన చిన్న పుస్తకం తీసి పైకి చదివాను. చదవడం, మోటారు విప్పడం రెండూ నేను సొంతంగా నేర్చుకున్నవే. మోటారు త్వరగా వచ్చింది. చదువు ఇప్పటికీ కూడబలుక్కోవాలి. ఈ జబ్బుకి వేరేవాళ్ళవి అక్కర్లేదు, రోగి సొంత స్టెమ్ సెల్స్, అంటే మూలకణాలే, తీసి గడ్డకట్టించి దాస్తారు, పెద్ద కీమో ఇచ్చాక మళ్ళీ ఎక్కిస్తారు, అని ఉంది.

అమ్మ చూపు గది మూలకి వెళ్ళింది. అక్కడ ఆమె కుట్టుమిషను ఉంది. నడుంనొప్పి మొదలైనప్పటి నుంచి దాని మీద ఉతికిన బట్టల గుట్టే.

"మూలకణాలా? ఇన్నాళ్ళూ పనీపాటా లేకుండా మూలన కూర్చున్నవాళ్ళన్నమాట. సరే, వాళ్ళకీ ఒకసారి పని చెప్పి చూద్దాం."

మూలం అంటే మొదలు అని చెప్పబోయాను. అక్క నా కాలు తొక్కింది. ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు బాగా వచ్చిన పని.

మార్చి 2

ఉక్కపోత. పని: అమ్మ మంచం కాళ్ళు ఊగుతుంటే బిగించాను.

కణాలు రక్తంలోకి రావడానికి ఇచ్చిన ఇంజెక్షన్లకి అమ్మకి ఒళ్ళంతా సలుపు. మూలనున్నవాళ్ళు లేవమంటే లేవట్లేదు, జుట్టు పట్టుకుని లాగాల్సొస్తోంది అంది. ఇవాళ లాగారు. ఒక ట్యూబులో రక్తం మిషన్లోకి వెళ్ళింది, కావలసింది వడకట్టుకుని మిగతాది ఇంకో ట్యూబులో వెనక్కి వచ్చింది. రోజంతా మిషను తిరిగింది. అమ్మ దాని చప్పుడు విని దారం బాబిన్ సరిగా కూర్చోలేదు అంది. టెక్నీషియన్ నవ్వాడు. సంచీకి చీటీ సరిగ్గా అంటించు నాయనా, నా కొలతల బట్ట ఇంకొకరికి పోకూడదని అతనికి చెప్పింది.

నేను ఒక్కటే అడిగాను. కరెంటు పోతే? లిక్విడ్ నైట్రోజన్‌లో ఉంటాయి, కరెంటుతో పనిలేదన్నాడు. ఎంత చల్లగా ఉంటుందో కూడా చెప్పాడు. దాని ముందు నేను బాగుచేసే ఫ్రీజర్లు పొయ్యిలే.

మార్చి 14

ఎండ. పని: వార్డు ఫ్రిజ్ తలుపు రబ్బరు సర్దాను. నా పని ఏమిటో అమ్మ అందరికీ చెప్పేసింది.

పెద్ద కీమో ఎక్కించారు. నోరు పూయకుండా ఆ సేపంతా ఐసు ముక్కలు చప్పరించాలి. అమ్మ 'హడావిడి' అని పేరు పెట్టిన నర్సు గిన్నె నిండా తెచ్చింది. కొడుకు ఊరందరికీ ఐసు చేసిపెడతాడు, తల్లికి ఇన్నాళ్ళకి దక్కిందని అమ్మ ఆమెతో అంది.

మార్చి 16

కణాలు ఎక్కించారు. చిన్న సంచీ. గదంతా వెల్లుల్లి వాసన. పాడవకుండా కలిపిన మందు వాసనట. మూలన పడి ఉన్నవాళ్ళకి ఆ మాత్రం వాసన ఉండదా అంది అమ్మ.

మార్చి 21

వాన. అమ్మ మాట్లాడలేదు.

మార్చి 23

వాన. పని: కుట్టుమిషను మీది బట్టలు మడతపెట్టాను. మిషను మూలలోంచి కిటికీ దగ్గరికి జరిపాను. దుమ్ము తుడిచి నూనె వేశాను.

నిన్నటి నుంచి జ్వరం. నోరంతా పుండ్లు. తెల్లకణాలు దాదాపు లేవు. అనుకున్నదే, యాంటీబయాటిక్ మొదలుపెట్టాం, కొత్తవి కుదురుకోవాలి అని డాక్టరమ్మ చెప్పింది. కుదురుకోకపోతే అని అక్క ఫోనులో అడిగింది. కుదురుకుంటాయి అన్నాను. నేను అంత గట్టిగా మాట్లాడటం అక్క ఎప్పుడూ వినలేదట.

ఊరికే అనలేదు. గ్యాస్ నింపాక ఫ్రిజ్ వెంటనే చల్లబడదు. జనం మాటిమాటికీ తలుపు తీసి చెయ్యి పెట్టి చూస్తారు. తియ్యకండి, దాని పని దాన్ని చేసుకోనివ్వండి అని చెబుతుంటాను. ఇవాళ ఆస్పత్రిలో అమ్మ గది అద్దాల తలుపు ముందు నిలబడి అదే మాట నాకు చెప్పుకున్నాను.

మార్చి 28

మబ్బు వీడింది. పని: ఏమీ చేయలేదు.

తెల్లకణాలు పెరిగాయి. నిన్న కొంచెం, ఇవాళ బాగా. జ్వరం లేదు. హడావిడి నిజంగానే పరుగెత్తుకొచ్చి చెప్పింది. మాస్కు, గౌను వేసుకుని లోపలికి వెళ్ళాను. అమ్మ గొంతు గీసుకుపోయి ఉంది.

"లేచారా?"

లేచారమ్మా అన్నాను. మూలనున్న వాళ్ళందరూ లేచారన్నాను. అమ్మ కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"మూలమంటే మొదలని నాకు తెలుసురా. నువ్వు తప్పు దిద్దుతావేమో, ఆ వంకనైనా నీ నోట ఒక్క మాట వస్తుందేమో అని చూశాను."

చెప్పబోతే అక్క కాలు తొక్కిందన్నాను. అమ్మ నవ్వబోయి నొప్పికి పెదవి పట్టుకుంది. ఆ రోజు బస్సులో చెప్పకుండానే దిగిపోయిన మాట అప్పుడు చెప్పాను. నువ్వు ఉండాలమ్మా అన్నాను.

ఆ ముక్కకి ఇన్నాళ్ళా అంది.

ఏప్రిల్ 24

ఎండ. మంచి గాలి. అమ్మ ఇంటికొచ్చాక ఇవాళే కిటికీ దాకా తనంతట తాను నడిచింది. స్టూలు లాక్కున్న చప్పుడు. కుట్టుమిషను పెడల్ ఒకసారి నొక్కి చూసింది. పిలుస్తోంది, సూదిలో దారం ఎక్కించాలట. పని: