బావ బ్లేడు

మంగళవారం రాత్రి, బాన్సువాడ

బావ ఈ రోజు నా వెల్డింగ్ షెడ్డు ముందు అందరూ చూస్తుండగా నన్ను నానా తిట్లు తిట్టి వెళ్లాడు. తిట్టనీ.

పొద్దున ట్రాక్టర్‌కు తగిలించే గడ్డి కోత మిషన్ బ్లేడు తెచ్చి సాన పట్టమన్నాడు. గ్రైండర్‌కు ఆనించే ముందు మట్టి తుడిచి చూస్తే, బోల్టు రంధ్రం పక్కన వెంట్రుక మందం పగులు. చూపించాను.

"గంతేనా? వెల్డింగ్ పెట్టి నూరియ్యి. పోయినేడాది గట్లనే నడిపిచ్చిన," అన్నాడు.

"తిరిగేటప్పుడు ఇరిగితే తుపాకి గుండు లెక్క ఎగిరొస్తది బావా. కొత్తది కొనుక్కో."

"నువ్వు చెయ్యకుంటే బిచ్కుంద పోతే చేసేటోళ్లు లేరా? ఇటు తే."

ఇచ్చేవాడినే. కానీ ఆ మిషన్ వెనకాలే నడుస్తూ బర్రెలకు గడ్డి ఏరుకునేది మా అక్క. బ్లేడును దిమ్మె మీద పెట్టి సమ్మెటతో ఒక్కటి వేశాను. సరిగ్గా పగులు దగ్గరే రెండు ముక్కలైంది. అప్పుడు మొదలయ్యాయి తిట్లు.

ఇందాక అక్క ఫోన్ చేసింది. "మీ బావ అన్నం ముడ్తలేడురా. పెద్దమనిషి వస్తువు పలగ్గొడ్తవా? రేపొచ్చి మాఫీ అడుగు."

అడగను. ఎక్కడో ఇంకో పాత బ్లేడు సంపాదించి బిగిస్తాడేమోనన్న ఫికర్ మాత్రం పోవడం లేదు. బిగించనీ, పోయి అదీ విరగ్గొడతాను. బావ ఈ జన్మలో నాతో మాట్లాడకపోయినా సరే. అక్క తన రెండు కాళ్ల మీద నడిచొచ్చి నన్ను తిడితే చాలు.