మీ అత్తగారు బస్సెక్కేశారు

ధనా, రాగానే అన్నం తిను. డాబా మీద మిరపకాయలున్నాయి, మబ్బు పడితే పట్టా కప్పు.

పొద్దున బాత్రూంలో నీ పరీక్షపుల్ల మీద రెండు గీతలు చూసి, కడుపొచ్చిందని మీ అత్తగారికి ఫోన్ చేసేశాను. అది అండం విడుదలయ్యే రోజు తెలుసుకునేదని ఆశా వర్కర్ స్తుతి ఇప్పుడే చెప్పింది. ఆవిడేమో పూలు, గాజులు పట్టుకుని దర్శిలో బస్సెక్కేశారు. నిజం చెబితే అబద్ధమాడామంటారు. ఊరుకుంటే, రేపు నువ్వు బయటుంటే కడుపు నిలవలేదంటారు. నీకా ఏ నెలా వేళకి రాదు. బస్టాండులోనే కలిసి, తప్పు నాదేనని చెబుతా. నువ్వు నోరెత్తొద్దు.

రోజూ తలుపేసుకుని ఒక్కదానివే చూసుకుంటున్నావా తల్లీ? అమ్మనేగా, నాతో అనొచ్చుగా.

గీతలు రెండూ ముదురుగా ఉంటే కడుపు నిలవడానికి ఈ ఒకటి రెండు రోజులే అదనంట. అల్లుడుగారిని ఇవాళే రమ్మను. ఆ ఫోన్ మాత్రం నేను చెయ్యలేను.