గాలిమరకు అడ్డొచ్చినా సరే

ఏమండీ,
నిఖిలను బెడోక్‌లో డాన్సు క్లాసుకు తీసుకెళ్తున్నాను. పప్పు వేడి చేసుకోండి, పెరుగు ఫ్రిజ్‌లో ఉంది.

హాలండ్‌లో ఫొటోలు తీయాల్సిన చోట్లంటూ మీరు రాసిన జాబితా చూశాను. తులిప్ తోట కొట్టేశాను. మనం వెళ్లేది జూలైలో, ఆ పూలు మేలోనే అయిపోతాయట. గాలిమరలు, కాలువలు, జున్ను సంత ఉంచాను.

బాలీ ఆల్బమ్‌లో గుళ్లన్నీ నిండుగా వచ్చాయి, నాది మోచేయి మాత్రమే వచ్చింది. ప్రతిచోటా "కాస్త పక్కకు జరుగు, గుడి కనిపించట్లేదు" అన్నారు మరి. పెళ్లి ఆల్బమ్ తర్వాత మనిద్దరం ఒక్క ఫొటోలోనూ కలిసి లేము. ఈసారి గాలిమర దగ్గర కెమెరా ఎవరి చేతికైనా ఇచ్చి నా పక్కన నిలబడండి. గాలిమర కనిపించకపోయినా ఫర్వాలేదు.

ఉమ

మీ నీలం చొక్కా ఇస్త్రీ చేసి దాచాను. ఆ ఫొటోకే. ఆఫీసుకు వేసుకెళ్లకండి.