తోడు మనిషి

మార్చి 3, మధ్యాహ్నం

కుట్టుపెట్టె సర్దుతుంటే దారపుండల కింద ఆ కవరు దొరికింది. డాక్టరమ్మ ఇచ్చిన మలపరీక్ష కిట్. చలికాలం మొదట్లో ఇచ్చింది. ఇంటికెళ్ళగానే చేసి పంపండమ్మా అంది. అలాగే అన్నాను. బళ్ళో భూగోళం చెప్పుకుని బతికిన దాన్ని. హోమ్‌వర్క్ ఎగ్గొట్టే విద్యలన్నీ పిల్లల దగ్గరే నేర్చుకున్నాను.

కవరు మీద ఎక్స్‌పైరీ ఈ నెలాఖరు. వస్తువు వాడకుండా పారేయాలంటే నాకు ప్రాణం మీదికొస్తుంది. రేపు చేసి పంపేస్తాను. ఒంటి మీద ప్రేమతో కాదు, పిసినారితనంతో.

మార్చి 4

అయింది. పుల్లతో గీరి, గొట్టంలో పెట్టి, మూత బిగించడం. పళ్ళు తోముకోవడానికి ఇంతకంటే ఎక్కువ సేపు పడుతుంది. దీనికా ఇన్నాళ్ళు తాత్సారం చేశాను!

మార్చి 14, సాయంత్రం

డాక్టరమ్మ ఫోన్. ఎప్పుడూ రిసెప్షన్ పిల్ల చేస్తుంది. తనే చేసిందంటేనే నాకు సగం తెలిసిపోయింది.

రక్తం ఆనవాలు ఉందట. కంటికి కనిపించేది కాదట. కాన్సరని కంగారు పడకండి, చాలామందికి చిన్న బుడిపెలే ఉంటాయి, కానీ కెమెరా పెట్టి పెద్దపేగు చూడాల్సిందే అంది. కొలొనోస్కొపీ. నాకు నొప్పి లేదు, ఆకలి దివ్యంగా ఉంది కదా అన్నాను. నొప్పి వచ్చాకే రమ్మనేదాన్నయితే ఈ పరీక్ష మీకెందుకిస్తానమ్మా అంది. గడుసు పిల్ల.

ఫోన్ పెట్టేసి టీ పెట్టుకున్నాను. గిన్నెలో రెండు కప్పుల నీళ్ళు పోశానని మరిగాక చూశాను. ఆయన పోయి ఇన్నేళ్ళయినా, కంగారు పడితే చెయ్యి పాత లెక్కకే పోతుంది. రెండో కప్పు కూడా నేనే తాగాను.

మార్చి 15

అమ్మాయికి చెప్పను. దానిది ఇదే ఊరు, బస్సెక్కితే అరగంట. చెప్పిన రోజే అల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చి, నన్ను మూటగట్టి వాళ్ళింటికి మోసుకుపోతుంది. ఈ ఫ్లాటుకి తాళం పడుతుంది. ఇప్పటికే వారం వారం అడుగుతోంది, ఒక్కదానివీ ఎందుకమ్మా అక్కడ అని. ఒక్కదాన్నీ ఉండటం కష్టమే. కానీ అది నా కష్టం, నా సొరుగులో పెట్టుకున్నాను.

మార్చి 21

ఆస్పత్రిలో డేట్ ఇచ్చారు, ఏప్రిల్ 3. ఏం తినాలో, ఏం తాగాలో అంతా చెప్పి, చివర్లో నర్సు తోడు ఎవరొస్తారమ్మా అంది. ఎవరూ రారు, నేనే వస్తాను అన్నాను. మత్తు ఇస్తాం, ఇంటికి తీసుకెళ్ళే మనిషి లేకపోతే మొదలే పెట్టం అంది. మత్తు లేకుండా కూడా కొందరు చేయించుకుంటారట, మీరూ చేయించుకుంటారా అని అడిగింది. నా ధైర్యమంతా నోట్లోనే ఉందమ్మా, ఆ కొసన లేదు అన్నాను. నవ్వింది గానీ రూలు మార్చలేదు.

ఇంటికొచ్చి ఫోన్‌లో పేర్లు పైనుంచి కిందికి చూశాను. లెక్కల టీచరు పోయింది. సైన్సు టీచరుకు మోకాళ్ళ ఆపరేషన్. తెలుగు టీచరుకు చెబితే మైకులో చెప్పినట్టే. ఎదురు ఫ్లాటావిడను లిఫ్టు దగ్గర తప్ప ఎరగను. తర్వాత ప్లంబరు, గ్యాసు, కరెంటు ఆఫీసు. ప్లంబర్ని అడుగుదామా అని కాసేపు నిజంగానే ఆలోచించాను. పైపుల పనేగా.

ఏప్రిల్ 2, సాయంత్రం

పేగులు కడిగే ద్రావణం తాగుతున్నాను. సముద్రపు నీళ్ళలో నిమ్మకాయ చూపించినట్టుంది. తాగడం, పరుగెత్తడం. ప్రపంచంలోని నదులన్నీ పిల్లల చేత గీయించాను. నా కడుపులో కుడివైపు ఎక్కి, అడ్డంగా పారి, ఎడమవైపు దిగే ఈ నదికి ఇవాళ వరదలు.

ఏప్రిల్ 3

వెనక్కి పంపేశారు.

తోడుకు నేను చేసిన ఏర్పాటు ఇదీ. టాక్సీ డ్రైవర్ని బతిమాలాను. నువ్వు నా మేనల్లుడివి, నన్ను అత్తయ్యా అను, చాలు అన్నాను. దారంతా ప్రాక్టీసు చేశాడు పాపం, ప్రతి సిగ్నల్ దగ్గరా అత్తయ్యా, అత్తయ్యా అంటూ. వార్డు గుమ్మంలో నర్సు, మీ అత్తయ్య పేరేంటి బాబూ అంది. మేడమ్ అన్నాడు.

ఇన్నేళ్ళ టీచరును. చుట్టరికం నేర్పాను, పేరు నేర్పడం మరిచాను.

నర్సు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఎవరూ లేరా అమ్మా అంది, మెల్లగా. ఉన్నారమ్మా, అడగడమే రావట్లేదు అన్నాను. మరో తేదీ ఇచ్చింది, ఏప్రిల్ 17. కడుపంతా ఖాళీ చేసుకుని వెళ్ళినదాన్ని, అలాగే తిరిగొచ్చాను.

ఏప్రిల్ 5

ఇవాళ ఎవరితోనూ మాట్లాడలేదు. పాల ప్యాకెట్ మీది అక్షరాలు పైకి చదివాను, గొంతుందో లేదో చూద్దామని.

ఏప్రిల్ 9

ఆఖరికి వదినగారికి ఫోన్ చేశాను.

వదినగారంటే నా వియ్యపురాలు, అల్లుడి తల్లి. వాళ్ళతోనే ఉంటుంది. ఆవిడకూ నాకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. కారణం పెద్దదేం కాదు. నేను కడిగిన గ్లాసులు నా ఎదురుగానే మళ్ళీ కడుగుతుంది. పిల్లల పెళ్ళయిన వారంలో మొదలైన యుద్ధం. మనవరాలు కాలేజీకొచ్చినా సంధి లేదు.

మరి ఆవిడే ఎందుకంటే, నాతోనే సరిగా మాట్లాడని మనిషి నా సంగతి ఇంకొకరితో ఏం మాట్లాడుతుందని.

అంతా విని, అమ్మాయికి చెప్పారా అంది. లేదు, మీరూ చెప్పకండి అన్నాను. నాకేం పిచ్చా వదినగారూ, చెబితే మిమ్మల్ని తెచ్చి నా గదిలోనేగా రెండో మంచం వేస్తారు అంది. ఆ ఇంట్లో మిగిలిన గది అదొక్కటే. నేనింతవరకూ ఆ కోణంలో చూడలేదు. ఎన్నింటికి రావాలో చెప్పండి, షాపుకని చెప్పి వస్తాను అంది. అంతే. బతిమాలించుకోలేదు. అది నాకు కొంచెం కష్టంగానే ఉంది.

ఏప్రిల్ 16

మళ్ళీ సముద్రం.

ఏప్రిల్ 17, సాయంత్రం

అయిపోయింది. మత్తిచ్చారు, లేచాను, మధ్యలో ఏమైందో ఎరగను. పడాల్సిన భయమంతా ముందే పడి ఖర్చు పెట్టేశాను, అక్కడ భయపడటానికి ఏమీ మిగల్లేదు. రెండు బుడిపెలట. ఒకటి మిరియం గింజంత, ఒకటి బఠాణీ అంత. అప్పటికప్పుడే తీసేశారు. ల్యాబుకు పంపారు. పెద్ద డాక్టరు, ఇవి వదిలేస్తే ఏళ్ళ మీద కాన్సరయ్యే రకంలా ఉన్నాయి, మంచి పని చేశారమ్మా అన్నాడు. ఎక్స్‌పైరీ డేటుకు దండం పెట్టుకోవాలి.

వదినగారు బల్ల మీద నిటారుగా కూర్చుని ఉంది, నా చెప్పులు తన సంచిలో పెట్టుకుని. టాక్సీలో నాకు ఇంకా తూగుగానే ఉంది. అయినా వినిపించింది. మీకు కంటికి కనిపించని రక్తమన్నారు కదా, కనిపించేదైతే మొలలే కదండీ అంది. కాసేపాగి మళ్ళీ అదే అడిగింది. ఎప్పటినుంచి అన్నాను. కిటికీలోంచి చూస్తూ, నా సంగతి కాదు, ఊరికే అడిగాను అంది.

ఊరికే ఎవరూ ఒకే ప్రశ్న రెండుసార్లు అడగరు. క్లాసులో కూడా అంతే. రెండోసారి అడిగిన పిల్లకే జ్వరం ఉండేది.

ఏప్రిల్ 19

ఫోన్ చేశాను. వదినగారికి కిందటి వానాకాలం నుంచి రక్తం పడుతోందట. ఎవరికీ చెప్పలేదు. నలుగురున్న ఇంట్లో. మొలలేలెండి, మా అమ్మకూ ఉండేవి అంది. డాక్టరు చూసి మొలలంటే నేనూ అంటాను, మీ అమ్మ అంటే అనను అన్నాను. మనవరాలి పరీక్షలయ్యాక చూద్దాం అంది. పరీక్ష రాసేది అది, మీరు కాదు అన్నాను. ఫోన్ పెట్టేసింది.

నేను ఒంటరిదాన్ని కాబట్టి చెప్పుకోలేదనుకున్నాను. ఇంటినిండా జనమున్నా నోరు రానివాళ్ళున్నారన్నమాట.

ఏప్రిల్ 22

మళ్ళీ చేశాను. ఇంత సిగ్గుమాలిన పరీక్ష నా వల్ల కాదు వదినగారూ అంది. సిగ్గంతా మత్తులో పోతుంది, నేను చూసొచ్చాను అన్నాను. వినలేదు. ఇక బ్రహ్మాస్త్రం తీశాను. రేపటికల్లా డాక్టరమ్మ దగ్గరికి రాకపోతే అమ్మాయికి నా సంగతి నేనే చెప్పేస్తా, మీ గదికొచ్చేస్తా, రోజూ గ్లాసులు నేనే కడుగుతా.

 ఎన్నింటికి అంది.

మే 8

ఈసారి బల్ల మీద నేను. లోపల వదినగారికి కెమెరా పెట్టారు, ఒళ్ళో ఆవిడ చెప్పులు.

అదే నర్సు. నన్ను గుర్తుపట్టింది. లోపలున్నావిడ పేరు చెప్పండమ్మా అంది. నోరు తెరిచాను. వదినగారు అని వచ్చింది. పేరు రాలేదు. శుభలేఖలో ఒకసారి చదివాను, ఆ తర్వాత ఒక్కనాడూ పలకలేదు. మా వరసకు పేరుతో పనేముంది! టాక్సీ కుర్రాడు గుర్తొచ్చాడు. నర్సు నా మొహం చూసి, ఒళ్ళోని చెప్పులు చూసి, పర్లేదు, ఈసారి చుట్టరికం నిజమే అంది.

పెద్ద డాక్టరు వచ్చి పక్కన కూర్చున్నాడు. నాకు చెప్పినప్పుడు నిలబడే చెప్పాడు. గడ్డ. ముక్క ల్యాబుకు పంపాడు గానీ తనకు పెద్దగా అనుమానం లేదట. ఆపరేషన్ చేయాలి. ఏడాది ముందొచ్చి ఉంటేనా అని ఆగిపోయాడు. ఆ వాక్యం పూర్తి చేయమని నేనడగలేదు.

వదినగారు లేచాక మొదటి మాట, నా చెప్పులేవీ అని. తొడిగాను. ఎవరి పాదాలూ అంత చల్లగా ఉండటం ఈ మధ్య ఎరగను.

మే 9

వాళ్ళింటికెళ్ళి అమ్మాయికి రెండు సంగతులూ చెప్పాను. మీ ఇద్దరికీ మేమేం అయ్యామమ్మా అని ఏడ్చింది.  అల్లుడు వాళ్ళమ్మ గదిలోకెళ్ళి కూర్చున్నాడు.

వెళ్ళేముందు మంచినీళ్ళు తాగి గ్లాసు కడిగాను. వదినగారు చూసింది. మళ్ళీ కడగలేదు. కడిగితే బాగుండు అనిపించింది.

మే 26

వదినగారి ఆపరేషన్ అయింది. గడ్డ మొత్తం తీసేశారట. పక్క గ్రంథుల్లో రెండింటికి పాకిందట. ఇక కీమో. నయం కావడానికే ఇస్తున్నాం, గ్యారంటీ అనను అన్నాడు పెద్ద డాక్టరు.

నా బుడిపెల్లో కాన్సర్ లేదని ల్యాబు వాళ్ళు ఎప్పుడో చెప్పారు. ఆ రోజు డైరీ రాయాలనిపించలేదు.

జూన్ 12

ఎదురు ఫ్లాటావిడను లిఫ్టులో ఆపి, మీరు మలపరీక్ష చేయించుకున్నారా అని అడిగాను. మూడో అంతస్తులోనే దిగిపోయింది. రేపు మళ్ళీ అడుగుతాను.

జూన్ 30

ఆస్పత్రి నుంచి ఫోన్. మూడేళ్ళ తర్వాత మళ్ళీ కెమెరా పెట్టి చూస్తారట, ఇప్పుడే పేరు రాసుకుంటారట. తోడు ఎవరని అడిగారు. అప్పుడు చెబుతాలే అంటే, ఆ గడి ఖాళీగా వదిలితే కంప్యూటరు ముందుకు పోదట.

వదినగారు అన్నాను. పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా.

ఆవిడను అడగలేదు.